డ్రమ్ములు ఆగిన చోట

మొన్న ఉప్పల్ చౌరస్తా బ్యాండు సేటు నా దుకాణానికి వచ్చి, చంకలో ఉన్న సంచిలోంచి ఒక కోటు తీసి కత్తిరింపుల బల్ల మీద పరిచాడు. ఎర్ర గుడ్డ, బంగారు రంగు జరీ, భుజాల మీద కుచ్చులు. నేను కుట్టిందే. చిల్కానగర్‌లో బట్టలు కుట్టుకుని బతికే నాకు ఏడాదికి రెండుసార్లు బ్యాండు డ్రెస్సుల పని దొరుకుతుంది. పెళ్ళికొడుకు బట్టల కంటే బ్యాండువాళ్ళ బట్టలే మెరిసేలా కుడతానని మా వీధిలో నన్ను ఆటపట్టిస్తుంటారు.

"దీని చేతులు జర కురుసగ జెయ్యాలె అన్నా," అన్నాడు సేటు. "కొత్త కీబోర్డాయన వచ్చిండు. మస్తు ఫాస్ట్‌గ కొడ్తడు. గీ గుడ్డ వచ్చి కీల మీద పడుతున్నదట."

కోటు చేతులు చూడగానే ఎవరిదో తెలిసిపోయింది. అరచెయ్యి సగం కప్పేంత పొడుగు పెట్టి నేను జన్మలో ఒక్కరికే కుట్టాను.

"గిది మాస్టర్‌ది గదా సేటూ?"

"ఔనన్నా. మాస్టర్ పోయిండు గదా."

"పోయిండా? యాడికి?"

సేటు నా ముఖం చూసి గొంతు తగ్గించాడు. "సచ్చిపోయిండన్నా. పన్నెండు దినాలాయె. నీకు ఎవ్వలు జెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. ఎవరు చెప్తారు? ఆయనకూ నాకూ సంబంధం ఏమిటని అడిగితే నేనే సరిగ్గా చెప్పలేను. చుట్టం కాదు, స్నేహితుడూ కాదు. కొంతకాలం ఆయన్ను చంపాలన్నంత కోపంతో తిరిగాను. ఆ కోపం ఎప్పుడు పోయిందో గమనించుకోలేదు. రేపు రమ్మని సేటును పంపేసి, కోటు ముందు వేసుకుని కూర్చున్నాను. కుట్టు విప్పాలనిపించలేదు.

మొదటిసారి కొలతలకు వచ్చినప్పుడు ఆయనకు ముప్ఫై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, నూనె పెట్టి వెనక్కి దువ్విన జుట్టు. నేను టేపు పట్టుకుని భుజం కొలుస్తుంటే ఆయన వేళ్ళు నా బల్ల అంచు మీద ఆడుతున్నాయి. పదికి పదీ ఆడుతున్నాయి. "జర చేతులు దించు మాస్టర్," అంటే దించాడు. తొడల మీద మొదలుపెట్టాడు. కదలకుండా ఉండడం ఆ వేళ్ళకు చేతకాదు.

"చేతులు కురుసగుండాలె అన్నా. మణికట్టు దాక అస్సలు రావొద్దు. నా స్పీడుకు గుడ్డ అడ్డమొస్తది," అన్నాడు. డబ్బా కొట్టుకుంటున్నాడనుకున్నాను. తర్వాత విన్నాను కాబట్టి ఒప్పుకుంటున్నాను, అందులో అబద్ధం ఏమీ లేదు.

అంతకుముందు ఆయన సైనిక్‌పురిలో ఒక బడిలో అటెండరు. అక్కడ ఒక పాత పియానో ఉండేదట. రోజూ దాన్ని తుడవడం ఆయన పని. పిల్లలకు పియానో నేర్పే టీచరమ్మ ఒక మిలిటరీ ఆఫీసరు భార్య. ఈయన తుడిచే వంకతో మెట్లు నొక్కడం చూసి, తిట్టకుండా పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. వేళ్ళకు కసరత్తులుండే పుస్తకం ఒకటి ఇచ్చింది. అట్టలు ఊడిపోయిన ఆ పుస్తకం ఎప్పుడూ ఆయన సంచిలోనే ఉండేది. అందులో ఉన్నవన్నీ కళ్ళు మూసుకుని వాయించగలనని చెప్పేవాడు. బరాత్‌లో ఎవరైనా పందెం కాస్తే కీబోర్డు మీద తువ్వాలు కప్పి మరీ వాయించేవాడు. ఒక్క మెట్టు తప్పేది కాదు.

బ్యాండు బండి ఎలా ఉంటుందో చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. నాలుగు చక్రాల తోపుడు బండి. దాని మీద కీబోర్డు, దాని ముందు కూర్చున్న మాస్టర్, రెండు పెద్ద హారన్ స్పీకర్లు, వెనక చిన్న జనరేటర్. బండికి ముందు డ్రమ్ములవాళ్ళు నడుస్తారు. పెళ్ళి బరాత్‌లో వాళ్ళకొక పద్ధతి ఉంది. డ్రమ్ములు దంచీ దంచీ ఒక్కసారిగా ఆగిపోతాయి. ఆ ఆగడమే కీబోర్డుకు సైగ. అక్కడి నుంచి కాసేపు మాస్టర్ ఒక్కడే. ఎంత వేగంగా వాయిస్తే అన్ని ఈలలు. ఆ కాసేపటి కోసమే ఆయన బతికేవాడని నాకనిపించేది.

నాకు సంగీతం తెలియదు, కుట్టుపని తెలుసు. కుట్టు ఎంత తిన్నగా పడినా, తొడుక్కున్నవాడు చెయ్యి పైకెత్తలేకపోతే అది బట్ట కాదు. మాస్టర్ వాయింపు వింటే నాకు అదే గుర్తొచ్చేది. పెళ్ళికొడుకును గుర్రం ఎక్కించే పాటైనా, పెళ్ళికూతురిని అత్తవారింటికి సాగనంపే పాటైనా ఒకటే ఉరుకు. అమ్మాయి తల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంటే ఈయన పక్కన గజ్జెకట్టినట్టు వాయించడం ఒకసారి కళ్ళారా చూశాను. ఆయన తల ఎత్తి చూస్తే కదా. వాయిస్తున్నంతసేపూ చూపు తన వేళ్ళ మీదే.

"మాస్టర్, గంత ఉరుకుడేంది? పాట యాడికన్న పారిపోతదా?" అని అడిగాను.

నవ్వాడు. "స్లోగ అందరు కొడ్తరన్నా. నాలెక్క కొట్టెటోడు ఉప్పల్ సంది ఘట్‌కేసర్ దాక ఒక్కన్ని సూపెట్టు."

చూపెట్టలేకపోయాను.

మా తమ్ముడు శీను నాచారంలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఇరవై నాలుగేళ్ళు. ఒకరోజు పొద్దున షిఫ్టులో పైకెత్తిన ఇనుప కడ్డీల కట్ట తెగి వాడి మీద పడింది. దీని గురించి ఇంతకంటే రాయలేను.

వాడి దోస్తులు నా దగ్గరికి వచ్చారు. "పెండ్లి జూడకుంట పోయిండన్నా మనోడు. పెండ్లి బ్యాండుతోనన్న సాగనంపుదం," అన్నారు. ఏడుస్తూ అడిగారు. సరే అన్నాను. ఆ సరే అన్నది నేనే, అది దాచి మిగతాది చెప్పడం అన్యాయం. మామూలుగా చావుకు డప్పులవాళ్ళు వస్తారు, వాళ్ళకు ఎక్కడ కొట్టాలో ఎక్కడ ఆపాలో తెలుసు. మేము పిలిచింది బరాత్ బ్యాండును. డ్రమ్ములవాళ్ళు చావులు చూసినవాళ్ళే. మాస్టర్ మాత్రం అప్పటిదాకా ఒక్క చావుకూ వాయించలేదు. ఆ సంగతి మాకెవరికీ తట్టలేదు.

శ్మశానానికి వెళ్ళే దారి సగంలో, చెరువు వైపు తిరిగే మూల మీద దింపుడు కళ్ళం. అక్కడ పాడె దించి, పోయినవాళ్ళ చెవిలో అయినవాళ్ళు మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. ప్రాణం ఎక్కడైనా మిగిలి ఉంటే ఆ పిలుపుకు లేస్తారని ఆశ. మా నాన్న అప్పటికే లేడు. నేను పిలవాలి. అమ్మ ఒప్పుకోలేదు. ఆడవాళ్ళు అంత దూరం రాకూడదని పెద్దలు అంటే వినకుండా పాడె వెనకే నడిచి వచ్చింది.

"నేనే పిలుస్త," అంది. "పొద్దున షిఫ్టుకు రోజు లేపేది నేనే. వాడు ఎవ్వల పిలుపుకు లెవ్వడు. నా పిలుపుకే లేస్తడు."

పాడె దించారు. డ్రమ్ములు ఆగిపోయాయి. అమ్మ మోకాళ్ళ మీద కూర్చుని తమ్ముడి చెవి దగ్గరికి వంగింది.

అప్పుడు కీబోర్డు లేచింది.

డ్రమ్ములు ఆగాయి, అంటే తన వంతు వచ్చింది. మాస్టర్‌కు తెలిసింది అదే. తల దించుకుని తన వేళ్ళను చూసుకుంటూ వాయిస్తున్నాడు. రెండు హారన్లూ మా వైపే ఉన్నాయి. అమ్మ పెదవులు కదలడం చూశాను. మూడుసార్లు కదిలాయి. మూరెడు దూరంలో ఉన్న నాకే ఒక్క ముక్క వినపడలేదు. ఎవరో పరుగెత్తి వైరు పీకేసరికి అమ్మ తల ఎత్తి కొడుకు ముఖంలోకి చూస్తోంది. ఇంకోసారి పిలవనివ్వమని నేను బతిమాలాను. మూడు పిలుపులూ అయిపోయాయి, మళ్ళీ పిలవకూడదని పెద్దలు పాడె ఎత్తించారు. నేను వెళ్ళి మాస్టర్ కాలరు పట్టుకున్నాను. నేను కుట్టిన కాలరే. గుంజితే గుండీ తెగి రోడ్డు మీద పడింది. ఆయన ముఖంలో భయం కంటే ముందు అయోమయం కనిపించింది. ఏం తప్పు చేశాడో ఆయనకు ఇంకా తెలియలేదు.

అంత బాగా ఆయన ఎన్నడూ వాయించలేదని డ్రమ్ములవాళ్ళలో ఒకతను తర్వాత నాతో అన్నాడు. వాడి నోరు పగలగొట్టాలనిపించింది.

ఆ రోజు నుంచి అమ్మకు ఒకటే మాట. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళతోనూ అదే. "నా కొడుకుకు ఇనవడలే. ఇనవడితే లేస్తుండె." మేము కాదనలేదు. ఏమని కాదంటాం?

పదో రోజు మా వాకిట్లో షామియానా కింద భోజనాల బంతులు సాగుతుంటే గేటు బయట మాస్టర్ నిలబడి ఉన్నాడు. లోపలికి రాడు, పోడు. మా బావ కర్ర కోసం చూస్తుంటే అమ్మే ఆపి ఆయన్ను లోపలికి పిలిచింది.

"నువ్వేనా కొట్టింది?"

"నేనేనమ్మా."

అమ్మ ఆయన చేతులు చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నాను, శాపం పెడుతుందనుకున్నాను. పెడితే బాగుండేది.

"మంచిగ కొట్టినవు బిడ్డా," అంది. "గంత మంచిగ కొట్టకపోతే బాగుంటుండె."

ఆయన చేతులు రెండు పక్కలా వేలాడేసుకుని నిలబడ్డాడు. ఆ వేళ్ళు కదలకుండా ఉండడం నేను చూసింది అదే మొదటిసారి. అమ్మ అన్నం తిని పొమ్మంది. విస్తరి ముందు కూర్చుని, కలిపాడు గానీ నోట్లో పెట్టుకోలేకపోయాడు.

నెల తిరక్కుండా కొత్త కోటు గుడ్డతో నా దుకాణానికి వచ్చాడు. వేరే టైలర్లు లేరా, సిగ్గులేదా ఈ మనిషికి అనుకున్నాను.

"చేతులు పొడుగు పెట్టన్నా," అన్నాడు.

"ఎంత?"

అరచెయ్యి మధ్యలో వేలు పెట్టి చూపించాడు.

"కీల మీద పడ్తది గద?"

"పడాలె," అన్నాడు.

అర్థమైంది. జాలి కలగలేదు, అబద్ధం ఎందుకు? కసిగా, ఆయన అడిగినదానికి ఇంకో అంగుళం ఎక్కువే కలిపి కుట్టాను. తొడుక్కుని చూసుకుని, అదే కావాలన్నట్టు తలూపి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత పెళ్ళిళ్ళలో ఆయన మీద గొడవలు మొదలయ్యాయి. డ్రమ్ములు ఆగుతాయి, కీబోర్డు మోగదు. మాస్టర్ తల ఎత్తి చుట్టూ ఉన్న ముఖాలన్నీ చూస్తాడు. ఒక్కొక్కటే చూసి, ఆ తర్వాత నెమ్మదిగా మొదలుపెడతాడు. ఈలోపల చిందులేసేవాళ్ళకు ఊపు పోతుంది. "మీ మాస్టర్ నిద్రవోతున్నడా?" అని సేటును నిలదీసేవాళ్ళు. చివరికి సేటు ఆయన్ను చావులకే పంపడం మొదలుపెట్టాడు. కొన్నేళ్ళకు రామంతాపూర్ నుంచి మల్లాపూర్ దాకా, "సావుకైతే మాస్టర్‌నే పిలువున్రి," అనే దాకా వచ్చింది.

నాచారంలో నా పాత గిరాకీ ఒకాయన పోయినప్పుడు వెళ్ళాను. బండి మీద ఈయనే. ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, కుడిచేతి రెండు వేళ్ళతో వాయిస్తున్నాడు. ఆడవాళ్ళు శోకం తీస్తూ గొంతు ఎత్తగానే ఆపేస్తున్నాడు. వాళ్ళు ఊపిరి తీసుకోవడానికి ఆగితే, ఆ సందులో రెండు మూడు మెట్లు నొక్కుతున్నాడు. ఒక్కోసారి కోటు గుడ్డ తగిలి తప్పు మెట్టు కూడా పడుతోంది. పోయినాయన పెద్ద కొడుకు అప్పటిదాకా బిగబట్టుకుని ఏర్పాట్లు చూస్తున్నవాడు బండి చక్రం పట్టుకుని కూలబడి ఏడ్చాడు. నా కళ్ళలో కూడా నీళ్ళు తిరిగాయి. నా తమ్ముడికి ఈ వాయింపు ఎందుకు లేకపోయిందని కడుపు మండింది కూడా.

తిరుగుదారిలో ఇద్దరం చాయ్ తాగాము. ఊరుకోలేక, "మంచిగ కొట్టినవు మాస్టర్," అన్నాను.

ఆయన ముఖం మాడిపోయింది. "గా మాట అనకన్నా," అన్నాడు. "ఇంకేదన్న అను."

అమ్మ అన్నదీ అదే మాటని నాకప్పుడు గుర్తొచ్చింది. చాయ్ గ్లాసు కింద పెట్టి ఆయనే మొదలుపెట్టాడు.

"నేను కొట్టుడేముందన్నా. వాళ్ళు ఏడ్సెతందుకు జర సందు ఇడుస్తున్న, గంతే. టీచరమ్మ పియానో కాడ 'విను, విను' అనుకుంట నెత్తి మీద మొట్టేది. నా చేతుల్నే ఇనమంటున్నదనుకున్న. తప్పులు పడకుంట సూసుకొమ్మంటున్నదనుకున్న. తప్పులైతే పడలే."

ఆ వేగం ఎక్కడికీ పోలేదని తెలంగాణ ఉద్యమం రోజుల్లో చూశాను. ఉప్పల్ రోడ్డు మీద వంటావార్పు. ర్యాలీకి వాయించేవాడు రాలేదని సేటు బలవంతాన మాస్టర్‌ను బండెక్కించాడు. "జోర్‌గ కొట్టు మాస్టర్!" అని జనం అరిచారు. ఆయన ఒక్క క్షణం ఆలోచించి కోటు చేతులు మోచేతుల దాకా మడిచాడు. ఇక చూడాలి. రోడ్డంతా ఊగిపోయింది. గరిటె పట్టుకున్న ఆడవాళ్ళు గరిటెలతోనే చిందేశారు. ఏళ్ళ తరబడి కట్టేసి ఉంచినా ఆ వేళ్ళు ఏమీ మరిచిపోలేదు. చూస్తూ చూస్తూ నాకూ ఒళ్ళు పులకరించింది. ఇంతలో డ్రమ్ములు ఆగాయి. ఆయన చేతులు గాలిలోనే ఆగిపోయాయి. బండి దిగి, కోటు చేతులు కిందికి లాక్కుంటూ గుంపులోంచి బయటపడి వెళ్ళిపోయాడు. వెళ్తూ నా పక్కనుంచే వెళ్ళాడు, నన్ను చూడలేదు.

రాష్ట్రం రావడానికి ముందటేడు అమ్మ పోయింది. చివరి వారంలో కూడా మందు మింగించడానికి కూర్చోబెడితే, "వానికి ఇనవడలే," అంది. మాస్టర్ ఉండే నాచారం రూముకు నేనే వెళ్ళాను.

"అమ్మ పోయింది మాస్టర్."

గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "నేను రావాల్నా అన్నా?"

"రావాలె."

అదే దారి, అదే మూల. పాడె దించాము. డ్రమ్ములు ఆగాయి. మాస్టర్ కీల మీంచి చేతులు తీసేశాడు. అంతటితో ఊరుకోలేదు. బండి దిగి, చెప్పులు విడిచి, వెనక్కి వెళ్ళి జనరేటర్ కూడా ఆపేశాడు. అది అంత చప్పుడు చేస్తుందని ఆగేదాకా ఎవరికీ తెలియలేదు. చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని తల వంచుకుని నిలబడ్డాడు.

నేను వంగి పిలిచాను. "అమ్మా." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "అమ్మా." అంత స్పష్టంగా నేనెప్పుడూ ఆమెను పిలిచి ఉండను. మూడోసారి పిలిచి, చెవి ఆమె నోటి దగ్గర పెట్టి కనిపెట్టుకుని ఉన్నాను. చప్పుడు లేదు. నా పిలుపు పూర్తిగా అందింది, అమ్మ లేవలేదు.

అప్పుడు తెలిసింది నాకు. ఆనాడు కీబోర్డు మోగకపోయి ఉంటే అమ్మకు ఇదే మిగిలేది. తన పిలుపు విని కూడా కొడుకు లేవలేదన్న సంగతి అక్కడే, ఆ మట్టిలోనే ఆమెకు తెలిసిపోయేది. తెలిసి బతికేది కాదు మా అమ్మ. వాడికి వినపడలేదన్న మాట పట్టుకునే అన్నేళ్ళు అన్నం తిన్నది. ఆ మాట ఆమెకు ఇచ్చింది మాస్టరే.

ఈ సంగతి ఆయనకు చెప్పాలి. అదే క్షణంలో అనుకున్నాను. తల ఎత్తితే ఆయన నావైపే చూస్తున్నాడు. ఈసారన్నా సరిగ్గా చేశానా అని అడుగుతున్నట్టుంది ఆ చూపు. పాడె ఎత్తమని ఎవరో తొందరపెట్టారు. తర్వాత చెబుదామనుకున్నాను. ఆ తర్వాత రెండుసార్లు దుకాణానికి వచ్చాడు. ఒకసారి గుండీల గురించి మాట్లాడుకున్నాము, ఇంకోసారి మెట్రో పిల్లర్లు వేస్తూ తవ్విన గుంతల గురించి. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయింది. మనిషి అంతకాలం మోసిన బరువును ఒక్క మాటతో దించడం నాకు చేతకాలేదు. పిరికితనం, ఇంకేం కాదు.

మర్నాడు సేటు వచ్చాడు. కోటు అలాగే ఉంది.

"ఇంక జెయ్యలేదా అన్నా?"

"కూసో, అయితది. మాస్టర్ సావుకు బ్యాండు ఎవలు కొట్టిన్రు?"

సేటు తల గోక్కున్నాడు. "బ్యాండు యాడిదన్నా. సర్కారు దవాఖానల పోయిండు. రూము ఓనరు ఫోన్ జేసిండు. గా రోజు మనకు మూడు పెండ్లిళ్ళు, అందరం బరాత్‌లల్లనే ఉన్నం. దవాఖాన కాడికెల్లి వ్యాన్ల సీదా కాష్టం కాడికి తీస్కపోయిన్రట."

"దింపుడు కళ్ళం కాడ దింపిన్రా?"

"వ్యాన్ యాడ ఆపుతరన్నా, గీ మెట్రో ట్రాఫిక్‌ల?"

"ఎవలన్న పిలిచిన్రా ఆయనను?"

"పిలిచేతందుకు ఎవలున్నరన్నా ఆయనకు?"

మిషను దగ్గర కూర్చుని కుట్టు విప్పాను. రెండు చేతులూ మణికట్టు పైకి వచ్చేలా కత్తిరించి, మడిచి కుట్టి, ఇస్త్రీ చేసి ఇచ్చాను. సేటు కోటు మడిచి సంచిలో పెట్టుకుంటుంటే అడిగాను.

"ఆయన పేరేంది సేటూ?"

సేటు నిజంగానే ఆలోచించాడు. "మాస్టర్ అనే పిలుస్తుంటిమి గదన్నా. ఆధార్ కార్డుల ఉంటుండె గావచ్చు. రూముల సామాను ఓనరు పారేసినట్టున్నడు."

సేటు వెళ్ళిపోయాక పాత కొలతల పుస్తకాలు అటక మీంచి దించి వెతికాను. దొరికింది. 'కీబోర్డు మాస్టర్. భుజం పదిహేడు. చెయ్యి ఇరవై ఏడు,' అని నా రాతే. పైన పేరు కోసం వదిలిన గీత మీద ఏమీ లేదు. ఎవరూ లేని దుకాణంలో ఆ కాగితం మీదికి వంగి, పిలుద్దామని నోరు తెరిచాను. మాస్టర్ అంటే ఉప్పల్‌లో వందమంది పలుకుతారు. గిరాకీలు నన్ను కూడా అలాగే పిలుస్తారు. వాళ్ళమ్మ ఏ పేరు పెట్టి పిలిస్తే ఆయన లేచేవాడో నాకు తెలియదు.